ఎర్ర గోళీ వెనక మన అమ్మల తారీఖ్

నర్సీపట్నం వైపు ఎస్. రాయవరం అనగానే గురజాడ అప్పారావు గుర్తొస్తారు. 1862లో ఆయన పుట్టిన ఊరది. ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలో దేశభక్తి మధ్యలోనే ఆయన తిండి సంగతి ఎత్తారు. కడుపు నిండని మనిషికి తాఖత్ ఎక్కడిదన్నది ఆయన బాధ. 1915లో ఆయన పోయారు. కొన్నేళ్లకే ఖూన్ పరీక్షల్లో ఆ మాటకు సుబూత్ దొరికింది. ఆ ఖూన్ చాలావరకు మన ఆడవాళ్లది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టర్ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో మజ్దూరీ చేసే గర్భిణులు తీవ్రమైన ఖూన్ కీ కమీతో ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. ఎవరేం తింటున్నారో ఆమె వాకబు చేసింది. అందరికన్నా నాసి ఖురాక్ గరీబ్ ముస్లిం ఔరత్‌లది. ఈ బీమారీ ఎక్కువగా కనిపించిందీ వాళ్లలోనే. లోపం దస్తర్‌ఖాన్ మీదే ఉందని తేలింది.

1931లో ఆమె మద్రాసు ‘కాస్ట్ అండ్ గోషా’ ఆసుపత్రిలోనూ పనిచేసింది. గోషా అంటే పర్దా. విశాఖలో మనవాళ్లు నేటికీ ‘ఘోషా ఆసుపత్రి’ అనే మాటలో ఉన్నదీ అదే. ఈస్ట్ సారం తినిపిస్తే ఈ జబ్బు నయమవుతోందని ఆ ఏడాదే ఆమె లోకానికి చెప్పింది. అందులోని అసలు వస్తువును 1941లో అమెరికాలో పాలకూర నుంచి వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అన్నారు.

దాన్ని దవాగా మార్చడంలో మన తెలుగువాడి మెహనత్ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరూ స్ప్రూ అనే పేగుల బీమారీతో పోయారు. ఆయననూ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద ఇలాజ్‌తో బతికారు. 1923లో అమెరికా వెళ్లారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ రోగులకూ పనికొచ్చింది. 1948లో, 53 ఏళ్లకే ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర గోళీ ఈ తారీఖ్‌కు వారసురాలు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కనీసం 180 రోజులు వాడాలి. వికారమనీ, మలం నల్లబడిందనీ చాలామంది బంద్ చేస్తారు. అది ఐరన్ అసర్, ఖతరా కాదు. మానేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. గోళీతో పాటు చాయ్ మాత్రం వద్దు, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు.

బుఢాపాలో లెక్క వేరు. ఉమర్ పెరిగేకొద్దీ కడుపు బి12ను సరిగా తీసుకోలేదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ మరీజ్‌లకూ ఇదే ఇబ్బంది. అలాంటి దాదీకి ఎవరో చెప్పారని ఫోలిక్ గోళీలు ఒక్కటే ఎక్కువ మోతాదులో వేస్తే ఖూన్ బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు కనబడితే “ఉమర్ అయిపోయిందిలే” అనుకోకుండా బి12 పరీక్ష చేయించండి.

తక్కువైనదాన్ని నింపడమే గోళీ పని. జవానీని తిరిగి తెస్తామనే టానిక్కులకు ఈ తారీఖ్‌లో చోటు లేదు. గోష్త్ వండిన రోజు కూడా పక్కన పప్పో, పాలకూరో, మెంతికూరో ఉండాలి. అందరికీ వడ్డించి మిగిలింది తినే అమ్మీ పళ్లెంలో ముందుగా ఉండాలి. బొంబాయిలో ఆ మజ్దూర్ తల్లుల పళ్లెంలో లేనిది అదే.