బాంజో, సొరకాయ బుర్ర, నా బొటనవేలు

అమెరికా నుంచి ఇల్లు సర్దుకుని వచ్చేసిన స్నేహితుడొకడు పోయినేడాది “నా వల్ల కాలేదు, నువ్వైనా చూడు” అంటూ ఒక బాంజో తెచ్చి నా చేతిలో పెట్టాడు. సంగీతంలో నా అనుభవమల్లా ఏడో తరగతిలో మానేసిన వీణ క్లాసులే. ఐనా మొదలెట్టా. బీరంగూడలో మా బాల్కనీలో కూర్చుంటే బొంబాయి హైవే మీద లారీల మోతలో నా తప్పులు ఎవరికీ వినపడవు, అదో ధైర్యం.

ముందే ఒక మాట. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు బాంజో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇది కాదు. వినాయక నిమజ్జనాల్లో, కవ్వాలీల్లో వాయించే పెట్టె, టైపు మిషను మీటలున్నది. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపాన్‌లోని నగోయాలో గోరో మొరిటా అనే ఆయన చేసిన తైషోగోతో దానికి మూలం. మన దేశానికొచ్చాక బాంజో అని పేరు పడింది కానీ, అమెరికా బాంజోకీ దానికీ పేరు తప్ప సంబంధం లేదు.

నా దగ్గరున్నది అయిదు తీగల బాంజో. డప్పులా చర్మం బిగించిన గుండ్రటి చట్రం (ఇప్పుడు ప్లాస్టిక్కే లెండి), దానికి పొడుగాటి మెడ. అయిదో తీగ తమాషాగా ఉంటుంది. మిగతా నాలుగూ మెడ చివర్నుంచి వస్తే ఇది మాత్రం అయిదో మెట్టు దగ్గర మొదలవుతుంది. దాన్ని నొక్కడమంటూ ఉండదు, బొటనవేలితో మీటడమే. మన లెక్కలో చెప్పాలంటే శ్రుతి ఇలా ఉంటుంది: కింది ప, స, గ, ప, ఆ పొట్టి తీగ పై స. వీణకి పక్కన తాళం తీగలున్నట్టే అన్నమాట. ఇది తెలిశాక భయం సగం పోయింది.

మొదటి పాఠం “బాయిల్ దెమ్ క్యాబేజ్ డౌన్” అనే పాట. ప్రోగ్రామింగులో హలో వరల్డ్ ఎలాగో బాంజోలో ఇది అలాగ. పాటలో ఉన్నవి నాలుగైదు స్వరాలే. కష్టమంతా కుడిచేతిది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి ఆగకుండా తిరగాలి, ఎనిమిది దెబ్బలు మూడు, మూడు, రెండుగా పడాలి. తకిట తకిట తక అనుకుంటే చేతికొచ్చింది, ఇరవై రోజులకి. వచ్చాక కూడా ఏడో దెబ్బ దగ్గర బొటనవేలు ఆలస్యం చేస్తుంది. కీబోర్డు మీద స్పేస్ బార్ తప్ప ఏమీ నొక్కని వేలు మరి, దాన్నీ అనలేం.

ఈ పొట్టి తీగ ఎవరి ఆలోచన? వర్జీనియాకి చెందిన జోయెల్ స్వీనీ అనే తెల్లాయన 1830లలో చేర్చాడని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ 1780ల చివర్లో సౌత్ కరోలినాలో వేసిన ఒక బొమ్మలో బానిసలు నాట్యం చేస్తుంటే ఒకతను సొరకాయ బుర్రతో చేసిన బాంజో వాయిస్తుంటాడు, దానికి ఆ పొట్టి తీగ ఉంది. స్వీనీ అప్పటికి పుట్టనే లేదు. అంతకన్నా ముందు, 1680లలో జమైకా వెళ్ళిన హాన్స్ స్లోన్ అక్కడి బానిసల బుర్ర వాయిద్యాల్ని బొమ్మతో సహా తన పుస్తకంలో వేశాడు. ఈ వాయిద్యం ఆఫ్రికా నుంచి వచ్చిందేనని, స్వయంగా బానిసల యజమాని ఐన థామస్ జెఫర్సనే రాశాడు.

అంటే విషయం తెలియక మర్చిపోయింది కాదు. 1843 నుంచి తెల్లవాళ్ళు కాల్చిన బెండు మసి మొహాలకి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ బాంజో వాయించే ప్రదర్శనలు పెద్ద వ్యాపారమయ్యాయి. మొదటి బాంజో పాఠ్యపుస్తకం 1855లో వచ్చింది, దాని మీద పేరున్న టామ్ బ్రిగ్స్ కూడా ఆ ప్రదర్శనలవాడే. వేళ్ళతో గిటార్‌లా మీటే పద్ధతి 1860లలో పుస్తకాల్లోకెక్కింది. నేను కుస్తీ పడుతున్న మూడు వేళ్ళ వరసకి ఊపు తెచ్చింది మాత్రం 1945 డిసెంబరులో బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్. ఈ మధ్యలో, తమని ఎగతాళి చెయ్యడానికి వాడిన వాయిద్యాన్ని నల్లవాళ్ళలో చాలామంది దూరం పెట్టేశారు. పెట్టరా మరి!

తిరిగి అడగడం 2000 తర్వాతే గట్టిగా మొదలైంది. గాంబియాకి చెందిన డేనియల్ జట్టా తమ జోలా జాతివాళ్ళ అకోంటింగ్ అనే బుర్ర వాయిద్యాన్ని అమెరికాలో బాంజో పండితులకి చూపించాడు. దానికీ పొట్టి తీగ ఉంది. 2024లో బియాన్సే పాట “టెక్సస్ హోల్డెమ్” మొదట్లో వినిపించే బాంజో రియానన్ గిడెన్స్‌ది. ఆ పాట వినని ఆఫీసు క్యాబ్ ఉండదేమో.

ఇదంతా చదివి అమెరికావాళ్ళ మీద కోపం తెచ్చుకుంటున్న రోజుల్లోనే ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పైకొచ్చాడు. వయసు మళ్ళినాయన, పాలమూరు వైపు మనిషి. కాసేపు విని, “మా ఊర్ల కిన్నెరోళ్లు గిట్లనే వాయించేటోళ్లు సార్, సాయన్న కత జెప్పుకుంట” అన్నాడు.

నేను కిన్నెర చూసింది భీమ్లా నాయక్ పాటలో, 2021లో. అప్పుడు పాడిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన రోజుకూలీగా కట్టడం పనికి వెళుతున్నాడని పేపర్లో చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేశా. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మైనంతో అంటించిన పన్నెండు మెట్లు. బాంజోకీ కిన్నెరకీ చుట్టరికం ఉందని నేననడం లేదు, సొరకాయ ఎండితే ఎక్కడైనా మోగుతుంది. కానీ 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడి కథే ఉంది. ఆ కథ జరిగే కల్యాణం ఎక్కడో కాదు, ఇదే హైవే మీద జహీరాబాద్, హుమ్నాబాద్ దాటి వెళితే వచ్చే బసవకల్యాణ్. జమైకా సొరకాయ గురించి గూగుల్ చేసిన నాకు ఈ సంగతి నలభై రెండేళ్ళకి తెలిసింది. డక్కలివాళ్ళ చేతిలో ఉన్న వాయిద్యం కాబట్టి ఊరి మధ్యకి రాలేదు, నా వీణ క్లాసుకీ రాలేదు. దీన్ని ఎవరూ మసి పూసుకుని ఎగతాళి చెయ్యలేదు, నిజమే. ఊరి చివర ఆపేస్తే ఆ అవసరం రాదు కదా.

“ఆ పాట మీకొచ్చా?” అనడిగా.

“నాకేడొస్తది సార్. నిలబడి ఇనేటోణ్ణి.” కాసేపాగి, “మా అయ్య ఆళ్లను వాకిట్లకు రానియ్యకపోతుండె” అన్నాడు.

ఏమనాలో తోచక మళ్ళీ క్యాబేజీ పాటే ఎత్తుకున్నా. ఏడో దెబ్బ దగ్గర బొటనవేలు ఎప్పట్లాగే ఆగింది. “ఆడ తప్పుతున్నది సార్” అని చెప్పి కింద గేటు తియ్యడానికి వెళ్ళిపోయాడు.