లారీ ఇంజనుకు ఫ్యాను ఎంపిక: గమనించవలసిన విషయాలు

బళ్లారి, హోసూరు పరిసరాలలోని మన తెలుగు పల్లెలలో ఒక్క లారీ సంపాదన మీద రెండు మూడు కాపురాలు నడవడం కొత్త కాదు. అటువంటి ఇంటి లారీ దారిలో వేడెక్కి ఆగిపోతే నష్టం ఒక్క కిరాయితో తీరదు. సిలిండర్ హెడ్ వంగినా, గ్యాస్కెట్ కాలినా మరమ్మతు ఖర్చు కొన్ని నెలల రాబడిని మింగివేస్తుంది. అందువలననే ఉష్ణమాపకంలో ముల్లు ఎర్రగీత వైపు జరిగిన మరుక్షణం "పెద్ద ఫ్యాను వేయించండి" అనే సలహా వినబడుతుంది. ఆ సలహా పాటించే ముందు ఫ్యాను పని ఏమిటో, దాని తప్పు ఎంతో తెలుసుకోవడం మంచిది.

డీజిలు మండగా పుట్టే వేడిలో సుమారు నాలుగో వంతు కూలెంటులోకి చేరుతుంది. ఆ వేడిని రేడియేటర్ ద్వారా గాలిలోకి పంపాలి. లారీ రహదారిపై వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే ఈ పనిని చాలావరకు నెరవేరుస్తుంది. సేలం నుంచి ధర్మపురి వైపు తొప్పూరు ఘాట్ ఎక్కుతున్న బరువు లారీ సంగతి వేరు. ఇంజను పూర్తి శక్తితో శ్రమిస్తూ ఉంటుంది, బండి మాత్రం మెల్లగా కదులుతుంది, ఎదురుగాలి ఉండదు. ఫ్యాను ముఖ్యంగా ఉన్నది అటువంటి వేళల కోసమే.

ఈ భేదం నుంచే మొదటి పరీక్ష పుడుతుంది. ఎక్కుడు దారిలోను, రద్దీలోను మాత్రమే వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడే లారీలో ఫ్యానును అనుమానించవచ్చు. చదునైన రహదారి మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కే లారీకి ఎంత ఖరీదైన ఫ్యాను బిగించినా ప్రయోజనం అంతంతమాత్రం. అక్కడ పూడిపోయిన రేడియేటర్, తగ్గిన కూలెంటు, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్, వదులైన బెల్టు మొదలైనవాటిని చూడాలి. సండూరు దారులలో ఇనుప ఖనిజం మోసే లారీల రేడియేటర్ సందులలో ఎర్రధూళి ఎట్లా గట్టిపడుతుందో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. టర్బో ఉన్న లారీలలో రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఆ రెండింటి మధ్య చేరిన చెత్త బయటికి కనబడదు. ఇంజను చల్లబడిన తరువాత లోపలివైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. పైసా ఖర్చులేని ఈ పనిని చివరికి వాయిదా వేయడం మనవారికి అలవాటైపోయింది.

ఇక పెద్ద ఫ్యాను సంగతి. ఫ్యాను వేగం రెట్టింపయితే అది లాగే గాలి రెట్టింపవుతుంది, కాని అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వ్యాసం విషయంలో లెక్క ఇంకా కఠినం. అదే ఆకృతి, అదే వేగం ఉంచి 600 మిల్లీమీటర్ల ఫ్యానుకు బదులు 660 మిల్లీమీటర్లది వేస్తే గాలి సుమారు మూడో వంతు పెరుగుతుంది, శక్తి మాత్రం అరవై శాతం అధికంగా కావాలి. ఆ శక్తి డీజిలు నుంచే రావాలి. పైగా ఆ భారం బెల్టు మీద, వాటర్ పంపు బేరింగు మీద పడుతుంది. కనుక కంపెనీ పెట్టిన వ్యాసాన్ని మార్చకపోవడమే క్షేమం.

పాత లారీలలో ఫ్యానును నేరుగా బిగిస్తారు. అవసరమున్నా లేకున్నా అది ఇంజనుతో పాటు తిరుగుతూనే ఉంటుంది. తరువాత వచ్చిన విస్కస్ క్లచ్‌లో చిక్కని సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే ముందున్న ద్విలోహపు పట్టీ వంగి నూనెకు దారి ఇస్తుంది, ఫ్యాను వేగం అందుకుంటుంది. చల్లబడితే నూనె వెనక్కి పోయి వేగం తగ్గుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల లారీలలో అనేకం ఈ క్లచ్‌ను ఎలక్ట్రానిక్ నియంత్రణలో ఉంచుతాయి. వాటిలో మామూలు క్లచ్ వేస్తే కంప్యూటరు తప్పు చూపుతుంది.

విస్కస్ క్లచ్ చెడినప్పుడు బోల్టు వేసి శాశ్వతంగా బిగించడం కొన్ని షెడ్లలో కనబడుతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు ఊరు చేరడానికి అది పనికి రావచ్చు. అట్లాగే వదిలేస్తే మాత్రం రోజూ డీజిలు రూపంలో మూల్యం చెల్లించవలసిందే. ఇంజను ఆపి, చల్లబడిన తరువాత ఫ్యానును చేతితో తిప్పి చూడండి. కొంత బిగువుగా తిరగాలి. గిర్రున అనేక చుట్లు తిరిగినా, అసలు కదలకపోయినా, మధ్యభాగం నుంచి నూనె చారలు కనబడినా క్లచ్ మార్చాలి. రాత్రంతా నిలిపిన లారీ ఉదయం స్టార్టు చేయగానే ఫ్యాను ఒకటి రెండు నిమిషాలు హోరుమనడం లోపం కాదు. నిలిచిన నూనె తన చోటికి పోయేదాకా అంతే.

కార్లలో మాదిరి విద్యుత్ ఫ్యాను పెట్టరాదా అని అడిగేవారున్నారు. పెద్ద ఫ్యాను పూర్తి వేగంలో 15 కిలోవాట్లు తీసుకుంటుందనుకుంటే 24 వోల్టుల వద్ద 600 ఆంపియర్లు దాటుతుంది. సాధారణ లారీ ఆల్టర్నేటర్ అందులో చిన్న భాగాన్నే ఇవ్వగలదు.

కొత్త ఫ్యాను కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే చాలదు. బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం, తిరిగే దిశ, రెక్కలు ఎంత ముందుకు వస్తాయన్నదీ కలవాలి. ఫ్యానును తిరగేసి బిగిస్తే గాలి దిశ మారుతుందని ఒక భ్రమ ఉంది. దిశ మారదు, గాలి మాత్రం బాగా తగ్గుతుంది. రెక్కల మధ్య దూరం సమంగా లేదని కొందరు వెనక్కి ఇచ్చేస్తారు. హోరు తగ్గించడానికి కావాలనే అట్లా చేస్తారు. గాజుపోగు కలిపిన నైలాన్ ఫ్యాను తేలిక కనుక బేరింగుకు మంచిది. ఇనుప రెక్క వంగితే సుత్తితో సరిచేయించరాదు, మొదట్లో బీట కనబడితే వెల్డింగు చేయించరాదు. తిరిగేటప్పుడు విరిగిన రెక్క రేడియేటర్‌ను చీల్చుతుంది, ఎదురుగా మనిషి ఉంటే ప్రాణమే పోవచ్చు.

ఫ్యాను చుట్టూ ఉండే కవచాన్ని, అంటే ష్రౌడును, అడ్డమని తీసివేసిన లారీలు ఉన్నాయి. అది లేకపోతే ఫ్యాను తన పక్కనున్న వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. రెక్క చివరకు, కవచానికి మధ్య సందు సుమారు ఒక అంగుళం ఉండవచ్చు, ఎందుకంటే ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది. సందు ఎక్కువైన కొద్దీ గాలి వృథా. మామూలుగా రెక్క వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతులు కవచం లోపల ఉండాలి.

మన ప్రాంతంలో దుకాణం రసీదు ఒకచోట కన్నడంలో, ఒకచోట తమిళంలో ఉంటుంది. "మీడియం ఫ్యాను" అన్నమాటకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క అర్థం. పాత ఫ్యాను మీద, క్లచ్ మీద ముద్రించిన పార్టు నంబరును కాగితం మీద రాసుకొని వెళ్లండి, వీలైతే పాత వస్తువునే తీసుకువెళ్లండి. బిగించే ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. బిగించాక ఇంజను నడుస్తుండగా రెక్కల పక్కన ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, నిలబడనీయవద్దు.