సమీక్షకు రెండు ప్రతులు

మా ఇంటి గేటు చప్పుడైందంటే మావారు పేపరు దించకుండానే, "నీకే. పుస్తకాలు" అంటారు. కొరియరు కుర్రాడికి కూడా అలవాటైపోయింది. కొందరి ఇళ్ళకి చీరలొస్తాయి, కొందరి ఇళ్ళకి మందులొస్తాయి. మా ఇంటికి మాత్రం పుస్తకాలొస్తాయి. సమీక్షకు రెండు ప్రతులు పంపాలని మన పత్రికలు ఏనాటినుంచో అచ్చేస్తున్నాయి కదా! ఆఫీసుకి వెళ్ళిన ఆ రెండింటిలో ఒకటి అక్కడే ఉండిపోతుంది, రెండోది నాకొస్తుంది. ఈమధ్య రచయితలు తొందరకొద్దీ మూడోది కూడా నేరుగా మా ఇంటికే పంపించేస్తున్నారు.

నేను నవలలు రాస్తాను. పదిహేనేళ్ళుగా పుస్తక సమీక్షలు కూడా రాస్తున్నాను. ఇందులో సంతోషం లేదంటే కళ్ళు పోతాయి. ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో, పేరైనా వినని మనిషి, సొంత డబ్బు పెట్టి అచ్చేయించుకున్న నవల చేతికొస్తుంది. అట్ట బాగుండదు, అచ్చుతప్పులు బోలెడు. అయినా పాతిక పేజీలు తిరిగేసరికి స్టవ్ మీద పాలు పొంగిపోతున్న సంగతి కూడా తెలియదు. అలాంటి పుస్తకాన్ని నలుగురికీ మొదట చెప్పే అదృష్టం సమీక్షకులదే.

ఇక బాధలంటారా? ఉదయం ఫోను మోగుతుంది. "అమ్మా, మన పుస్తకం చూశారా?" చదివారా అని అడగరు, చూశారా అనే అడుగుతారు. బాగుందని రాస్తే కొనుక్కున్న పాఠకుడు తిడతాడు, బాగాలేదని రాస్తే రచయిత మొహం తిప్పుకుంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా మేనత్త కొడుకు పద్యాల పుస్తకం గురించి నేనింకా ఏమీ రాయలేదు. రెండు శ్రావణమాసాలుగా ఆ ఇంటినుంచి పేరంటానికి పిలుపు లేదు.

ఇవన్నీ నవ్వుకునే బాధలు. నవ్వుకోలేనిది ఒకటుంది. సమీక్షలు మొదలుపెట్టిన మూడో ఏడు, ఒకావిడ తొలి నవల నాకొచ్చింది. కథ నడక కుంటుపడింది, చివరి వంద పేజీలు అనవసరం. ఆ మాటే రాసి ఊరుకోవలసింది. నాకప్పుడు చమత్కారం మీద మోజు. "ఈ నవల వంటయ్యాక మిగిలిన టైములో రాసినట్టుంది" అని ముక్తాయించాను. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ వాక్యాన్నే మెచ్చుకున్నాయి. నేనూ మురిసిపోయాను.

నాలుగేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో, పక్కనున్నావిడ తనే పేరు చెప్పుకుంది. నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆవిడ కోపంగా ఏమీ లేదు. "మీరు రాసింది నిజమేనండీ. వంటయ్యాకే రాశాను. మరెప్పుడు రాస్తాను చెప్పండి?" అంది. ఇంకో నవల రాశారా అని అడిగాను. లేదన్నట్టు తలూపి, పప్పు వడ్డించే అబ్బాయిని పిలిచి, నాకు వెయ్యమంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పాపం నేనొక్కదాన్నే చేశానా, నాకు ముందు ఈ కుర్చీలో కూచున్న ఆడవాళ్ళు ఏం చేశారు అని, బి.ఏ.లో చదివిన ఇంగ్లీషు సాహిత్య చరిత్రని మళ్ళీ తిరగేశాను. అప్పుడు పరీక్ష కోసం చదివాను. ఈసారి నాకోసం చదివాను.

మొదట కనిపించింది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. ఐర్లండులో ఒక జమీందారీ ఇంట్లో పిల్లలకి చదువు చెప్పే కొలువు 1787లో పోయింది. లండను వచ్చి, కలం పట్టి బతకాలనుకుంది. ఆ రోజుల్లో ఒక ఆడది అలా అనుకోవడమే సాహసం. జోసెఫ్ జాన్సన్ అనే ప్రచురణకర్త ఆదుకున్నాడు. 1788లో అతను మొదలుపెట్టిన 'అనలిటికల్ రివ్యూ' పత్రికకి ఆమె సమీక్షలు రాసింది. అదే ఏడు ఆమె సొంత నవల కూడా వచ్చింది. అంటే నవలలు రాస్తూ, పక్కవాళ్ళ నవలల్ని తూచే మా జాతికి ఆవిడ పెద్దమ్మన్నమాట. మాటిమాటికీ మూర్ఛపోయే కథానాయికలంటే ఆమెకి ఒళ్ళు మంట. అలాంటి నవలల్ని నిర్దాక్షిణ్యంగా చీల్చేది. కానీ ఆ కోపం రచయిత్రుల మీద కాదు. ఆడపిల్లలకి ఇంతకంటే మంచి చదువు దొరకాలన్న తపన అది. 1792లో స్త్రీల హక్కుల గురించి ఆమె రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఉన్నది కూడా ఆ తపనే.

1797లో కూతుర్ని కని, కొద్ది రోజులకే పోయింది. ఆ కూతురే 'ఫ్రాంకెన్‌స్టైన్' రాసిన మేరీ షెల్లీ. తల్లి పక్కవాళ్ళ నవలల్ని తూచింది, కూతురి నవలని పక్కవాళ్ళు తూచారు. ఎలాగో వినండి.

1802లో 'ఎడింబరో రివ్యూ', 1809లో 'క్వార్టర్లీ రివ్యూ' మొదలయ్యాయి. మూడు నెలలకొకసారి వచ్చే ఈ పత్రికల మాటంటే పుస్తక ప్రపంచానికి హడల్. సమీక్ష కింద పేరుండదు. రాజుగారిలాగా 'మేము' అని రాసేవాళ్ళు. ముసుగు వేసుకున్న చేతిలో కర్ర ఉంటే ఎవరికైనా కొట్టాలనిపిస్తుంది! 1818లో 'క్వార్టర్లీ'లో జాన్ విల్సన్ క్రోకర్ అనే ఆయన 'ఫ్రాంకెన్‌స్టైన్'ని దుమ్మెత్తిపోశాడు. అదే ఏడాది కీట్స్ కావ్యం 'ఎండిమియన్'ని కూడా తూర్పారబట్టాడు. నాలుగు భాగాల కావ్యంలో మొదటి భాగం దాటి చదవలేకపోయానని తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకునీ తీర్పు చెప్పాడు! మా కాలేజీలో లెక్చరరు గారు కీట్స్‌ని ఆ సమీక్షే చంపేసిందన్నట్టు చెప్పేవారు. షెల్లీ ఆ మాట రాసిన దగ్గర్నుంచీ లోకమంతా నమ్మింది. నిజానికి 1821లో కీట్స్‌ని రోములో పొట్టన పెట్టుకున్నది క్షయ. నా రాత గురించి నేను చేసుకునే విమర్శ ముందు ఈ పత్రికల విమర్శ ఏపాటిది అనే అర్థం వచ్చేలా ఆ కుర్రాడే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ నిబ్బరం అందరికీ ఉండదు.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన కథ. 1847లో 'జేన్ ఐర్' వచ్చింది. రచయిత పేరు కరర్ బెల్. ఆ పేరు మగవాళ్ళదో ఆడవాళ్ళదో ఎవరికీ తెలియదు. యార్క్‌షైరులో హావర్త్ అనే ఊళ్ళో చర్చి ఫాదరీ గారి కూతురు షార్లెట్ బ్రాంటీ ఆ ముసుగులో ఉంది. 1848 డిసెంబరు 'క్వార్టర్లీ'లో ఆ నవల మీద సమీక్ష వచ్చింది. నవలలో పట్టు ఉందంటూనే, పొగరుబోతు నవలనీ, మతానికి విరుద్ధమనీ ఝాడించింది. అంతటితో ఆగితే అది సమీక్షే. రాసింది ఆడదేనా అని ఆరా మొదలుపెట్టింది. ఒక స్నేహితురాలిని అడిగామంటూ వంటింట్లోకి కూడా జొరబడింది. వేటమాంసం సిద్ధం చేసే చేతులతోనే భోజనానంతరపు మిఠాయి పళ్ళేలు అలంకరిస్తారా, ఆడదైతే ఇలాంటి పొరపాట్లు చేస్తుందా, బట్టల గురించి ఇలా రాస్తుందా అంది. ఒకవేళ ఆడదే అయితే, ఏదో తగిన కారణం చేత సాటి ఆడవాళ్ళ సావాసానికి ఎప్పుడో దూరమైన మనిషై ఉంటుందంది. ఆ మాటకి అర్థం మన వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ పేరులేని 'మేము' వెనకున్నది ఎలిజబెత్ రిగ్బీ. బాగా చదువుకున్న, కళల గురించి చక్కగా రాసే స్త్రీ. ఒక ఆడదే!

ఆ మాటలు అచ్చయిన నెలలో హావర్తులో ఆ ఇల్లెలా ఉందో తెలుసా? సెప్టెంబరులో షార్లెట్ తమ్ముడు పోయాడు. డిసెంబరు 19న చెల్లెలు ఎమిలీ పోయింది. ఇంకో చెల్లెలు ఆన్ మరుసటి ఏడాది మే నెలలో పోయింది. రిగ్బీకి ఇదేమీ తెలియదు. తెలిసి ఉంటే రాసేది కాదేమో కూడా. షార్లెట్ ఆ సమీక్షకి జవాబు రాసి, 1849లో వచ్చిన తన 'షర్లీ' నవలకి ముందుమాటగా వెయ్యాలనుకుంది. ప్రచురణకర్తలు వద్దన్నారు. 1857లో షార్లెట్ జీవితచరిత్ర రాసిన ఎలిజబెత్ గాస్కెల్ పేరు తెలియని ఆ సమీక్షకుడికి గట్టిగానే గడ్డిపెట్టింది. అప్పటికి షార్లెట్ పోయి రెండేళ్ళయింది.

నా 'వంటయ్యాక' వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. నూటయాభై ఏళ్ళ పైచిలుకు తేడాతో రిగ్బీ, నేనూ ఒకే వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. పుస్తకం వదిలేసి మనిషి గరిటె పట్టుకునే తీరు మీద పడ్డాం.

అలాగని మెత్తగా రాస్తే పుణ్యమా? కాదంటుంది జార్జ్ ఇలియట్. అసలు పేరు మారియన్ ఇవాన్స్. 'వెస్ట్‌మినిస్టర్ రివ్యూ' సంపాదకత్వం పేరు లేకుండానే మోసింది. 1856 అక్టోబరు సంచికలో, అదీ పేరు లేకుండానే, రచయిత్రుల వెర్రి నవలల మీద ఒక వ్యాసం రాసింది. చదువుతుంటే నవ్వాగదు, నవ్వాక భయమేస్తుంది. అందులో ఒక ముక్క నా గుండెలో దిగబడిపోయింది. రచయిత్రికి ప్రతిభ లేనప్పుడే విమర్శకుల పొగడ్త మరిగిపోతుందట, నిజంగా గొప్పగా రాసిననాడు గడ్డకట్టిపోతుందట. అంటే 'పాపం, ఆడది, ఏదో రాసుకుంది' అని వేసే చప్పట్లు కూడా చిన్నచూపేనన్నమాట. ఆ వ్యాసం ముగించిన నెలలోనే ఆమె తన మొదటి కథకి కూచుంది. తర్వాత అంత గొప్ప నవలా రచయిత్రి అయింది కదా, తన పుస్తకాల మీద వచ్చిన సమీక్షలు మాత్రం చదవలేకపోయేది. జీవిత సహచరుడు లూయిస్ వాటిని ఆమె కంట పడకుండా దాచేవాడు. నేనా సంగతి చెబితే మావారు, "ఇవాళ వచ్చిన ఉత్తరాలు నేను దాచలేదు, టీవీ పక్కనే ఉన్నాయి" అన్నారు.

చివరగా వర్జీనియా వుల్ఫ్. 1904 చివర్లో ఆమె మొదటి సమీక్ష అచ్చయింది. తొలి సంపాదనతో పర్షియా పిల్లిని కొన్నానని 1931లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ సభలో చెప్పింది. నా తొలి పారితోషికంతో నేను కుక్కరు కొన్నాను. ఎవరి మోజు వారిది. ఆ సభలోనే ఇంకో మాట చెప్పింది. ఒక పేరున్న మగరచయిత పుస్తకం మీద రాయడానికి కూచుంటే, అణకువకు మారుపేరైన ఒక ఇంటి దేవత వెనకనుంచి వచ్చి, 'నువ్వు ఆడపిల్లవి, ఆయన్ని నొప్పించకు, కాస్త మెచ్చుకో' అని చెవిలో ఊదేదట. సిరాబుడ్డి విసిరి విసిరి ఆ దేవతని చంపితే గాని నిజం రాయలేకపోయానంది. ఆ దేవత నాకూ తెలుసు. నాతో మా మేనత్త గొంతుతో మాట్లాడుతుంది.

ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ పని చేశాక, 1939లో వుల్ఫ్ ఒక చిన్న పుస్తకం వేసింది. సమీక్షకుల్నే ఎత్తెయ్యాలంది! పత్రికలో పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెప్పి, నచ్చితే ఒక గుర్తు, నచ్చకపోతే ఇంకో గుర్తు వేస్తే చాలంది. అసలు విమర్శ మాత్రం, డాక్టరు దగ్గరికెళ్ళినట్టు రచయిత ఫీజు కట్టి, గది తలుపులు వేసుకుని, ముఖాముఖి చెప్పించుకోవాలంది. భర్త లెనార్డ్ అదే పుస్తకంలో ఒప్పుకోనని ఒక నోటు చేర్చాడు. పాఠకుడికి కూడా ఒకరు చెప్పాలి కదా అని ఆయన వాదన. నా ఓటు లెనార్డ్‌కే. డబ్బులు పెట్టి కొనుక్కునే పాఠకురాలు కూడా వంటయ్యాకే చదువుకుంటుంది. ఆవిడ టైము కూడా టైమే.

కానీ తలుపులు వేసుకుని చెప్పడమనే మాట నన్ను వదలలేదు. ఎదురుగా కూచుని, మొహం చూస్తూ, 'మీ చివరి వంద పేజీలు అనవసరమండీ' అని నేను చెప్పగలను. 'వంటయ్యాక రాసినట్టుంది' అని చెప్పగలనా? చెప్పలేను. చెప్పలేని మాట అచ్చులో మాత్రం ఎందుకు రావాలి? అప్పటినుంచీ ఇదే నా కొలత. క్రోకర్‌లాగా సగంలో ఆపకుండా ఆఖరిదాకా చదువుతాను. కింద నా పేరు పెడతాను. బాగాలేకపోతే బాగాలేదంటాను. మేనత్త కొడుకైనా సరే, వచ్చే నెల రాస్తున్నాను. చమత్కారం ఏదైనా తోస్తే, అది పుస్తకం మీదా, మనిషి మీదా అని అడుక్కుని, మనిషి మీదైతే కొట్టేస్తాను. అలా కొట్టేసినవి కొన్ని చాలా బాగుండేవి, ఆ దిగులు లేకపోలేదు.

ఆవిడకి ఆ పెళ్ళి తర్వాత ఒక ఉత్తరం రాశాను. తప్పు ఒప్పుకున్నాను. చివరి వంద పేజీల గురించి నా అభిప్రాయం మాత్రం మార్చుకోలేదని కూడా రాశాను. జవాబు రాలేదు. రావలసిన బాకీ ఏమీ లేదు.

ఇవాళ మళ్ళీ గేటు చప్పుడైంది. తొలి నవల. లోపల ఒక చిన్న కాగితం, 'తప్పులుంటే చెప్పండి మేడమ్' అని గుండ్రటి అక్షరాలు. బల్ల మీద పెట్టాను. కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. వంటయ్యాక మొదలుపెడతాను.