సిఫీ పేరు మీద దావా

మన సంఘం పిల్లలిద్దరు ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మబోతున్నారు. పేరు రిజిస్టర్ చేశారా అంటే, "తర్వాత చూద్దాం అంకుల్" అన్నారు. వాళ్ల కోసమే ఈ పాత సంగతి.

హైదరాబాదు సత్యం కంపెనీకి అనుబంధమైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతోనే 'సిఫీ' అనే మాట కట్టి 1999లో వెబ్ చిరునామాలు తీసుకుంది. 2001లో ఇంకొకరు ఒక 'ఎఫ్' ఎక్కువ వేసి 'సిఫీనెట్' అని తెరిచారు. అది మా ఐదుగురి పేర్లలో మొదటి అక్షరాలు అన్నారు! బెంగళూరు సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దంది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు ఐదుగురి కథ నమ్మలేదు. వెబ్ చిరునామాకూ ట్రేడ్‌మార్కులాగే రక్షణ ఉందని చెప్పి, సిఫీ వైపు తీర్పిచ్చింది.

సిఫీని గెలిపించింది ముందునుంచీ వాడుతున్నామన్న రుజువులే. అందుకే పిల్లలతో చెప్పాను, మొదటి సీసా బిల్లు నుంచీ అన్నీ తేదీలతో ఫైలు చేయమని.