వైకింగ్ 1కు పంపిన చివరి ఆదేశం

అంగారకుడి మీద క్రైసీ మైదానంలో ఆరేళ్లకు పైగా పనిచేసిన నాసా ల్యాండర్ వైకింగ్ 1ను దుమ్ము తుపాన్లు కూల్చలేదు, ఎముకలు కొరికే అక్కడి చలి చంపలేదు. దాని ఆయుష్షు పెంచాలని, దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నవాళ్లు పంపిన ఆదేశాలే దాని నోరు మూయించాయి. తలుచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

1976 జులై 20న దిగిన కాసేపటికే అది తన పాదాన్ని ఫొటో తీసి పంపింది. 90 రోజులు పనిచేస్తే చాలని కట్టిన యంత్రం అది. ప్లుటోనియం వేడితో కరెంటు పుట్టించే రెండు జనరేటర్లు, ఆ కరెంటును దాచుకునే నికెల్ కాడ్మియం బ్యాటరీలు, హనీవెల్ కంప్యూటర్లు దాని ఆస్తి. కంప్యూటర్ మెమరీ 60 కిలోబైట్లు కూడా లేదు. అందులో ఒక్క అంకె మార్చాలన్నా భూమి నుంచి రేడియోలో పంపాల్సిందే.

తోడు వచ్చినవి ఒక్కొక్కటే పోయాయి. 1978లో వైకింగ్ 2 ఆర్బిటర్ ఆగిపోయింది. 1980 ఏప్రిల్‌లో బ్యాటరీలు చెడి వైకింగ్ 2 ల్యాండర్ మూగబోయింది. ఆగస్టులో గ్యాస్ అయిపోయి వైకింగ్ 1 ఆర్బిటర్ కూడా సెలవు తీసుకుంది. ఆ అక్టోబరులోనే, ల్యాండర్ల ఫొటోల బృందానికి పెద్దదిక్కైన థామస్ మచ్ కశ్మీర్ హిమాలయాల్లో నున్ శిఖరం దిగుతూ కనిపించకుండా పోయాడు. మిగిలిన ఒక్క ల్యాండర్‌కు నాసా ఆయన పేరే పెట్టుకుంది. దాని మాట వినడం ఆపొద్దని అమెరికాలో మామూలు జనం చందాలు పోగుచేశారు.

1982 వచ్చేసరికి దీని బ్యాటరీలూ నీరసించాయి. కవల యంత్రం ఎలా పోయిందో కళ్లారా చూసినవాళ్లు ఊరికే ఎలా కూర్చుంటారు? ఛార్జింగ్ పద్ధతి మార్చే కొత్త ప్రోగ్రామ్ పంపాలనుకున్నారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ముట్టుకోకపోయినా ఆ బ్యాటరీలు దక్కేవి కావు.

నెట్ అందని పొలంలో నడిచే చిట్టి కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుకు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలా వద్దా అన్నప్పుడు నాకు ఈ ల్యాండరే గుర్తొస్తుంది. బయటి లోకం తగలని బోర్డుకు దాడుల భయం తక్కువే. కానీ పాత వెర్షన్‌కు ఒకనాటికి సవరణలు ఆగిపోతాయి, కొత్త సెన్సర్ పెడితే దాని సాఫ్ట్‌వేర్ పాతదాంట్లో ఎక్కకపోవచ్చు. సరే మారుద్దామంటే, 2023లో వచ్చిన బుక్‌వర్మ్‌ వెర్షన్ సంగతి చూడండి. అందులో నెట్‌వర్క్ పని పాత ప్రోగ్రామ్ డీహెచ్‌సీపీసీడీ నుంచి నెట్‌వర్క్ మేనేజర్‌కు మారింది. పాత ఫైల్లో రాసుకున్న ఐపీ అడ్రసును కొత్తది పట్టించుకోదు. బోర్డు చక్కగా నడుస్తూనే ఉంటుంది, మనం పిలిచే అడ్రసులో మాత్రం పలకదు. పాతదాని మీదే మార్చకుండా వేరే ఎస్‌డీ కార్డులో కొత్తగా ఎక్కించుకోమని తయారుచేసినవాళ్లే చెప్పారు. తేడా వస్తే, పొలందాకా నడిచి వెళ్లయినా పాత కార్డు మళ్లీ పెట్టుకోవచ్చు.

క్రైసీలో పాత కార్డు పెట్టే చెయ్యి లేదు. 1982 నవంబర్‌లో పంపిన ఆదేశాలు బ్యాటరీల కోసమే బయల్దేరాయి. కానీ అవి మెమరీలో చేరిన చోట అప్పటికే వేరే సమాచారం ఉంది. యాంటెన్నాను ఎటు తిప్పితే భూమి అందుతుందో చెప్పే లెక్కలవి. కొత్త రాత వాటి మీద పడింది. నవంబర్ 11న వచ్చిన సంకేతమే ఆఖరిది.

యాంటెన్నా ఎటు తిరిగి ఉండొచ్చో ఊహించుకుంటూ నాలుగు నెలలు పిలిచారు. ఆరేళ్లుగా వాతావరణం చెప్పిన గొంతు మళ్లీ వినపడలేదు. ఆ జనరేటర్లలోని ప్లుటోనియం సగానికి తరగాలంటే దాదాపు 88 ఏళ్లు పడుతుంది. అంటే భూమి మీదివాళ్లు ఆశ వదులుకున్న నాటికి అవింకా వేడిగానే ఉన్నాయి. చెరిగిన లెక్కలను మళ్లీ రాయగలవాళ్లూ పాసడీనా నియంత్రణ కేంద్రంలో ఉన్నారు. వాటిని అక్కడికి చేర్చే దారే తెగిపోయింది.