నత్తగుల్లకి కూడా చరిత్ర ఉంది

ఈ ఎపిసోడ్ నత్తల గురించి. నవ్వకండి, కాసేపు వినండి.

తొలకరి పడగానే మా అమ్మమ్మ కాలవ గట్టుకి వెళ్లి నత్తలు ఏరుకొచ్చేది. వేసవంతా ఎండిన మట్టిలో మూత బిగించుకుని పడుకున్న నత్త తడి తగలగానే పైకొస్తుంది. ఉడకబెట్టి, మాంసం లాగి, జిగురు పోయేదాకా ఉప్పుతో కడిగి, మన గుంటూరు కారం దట్టించి వండేది. ఒకసారి ఆ కూర బడికి తీసుకెళ్లాను. పక్కనోళ్లు బెంచీ మారిపోయారు. మళ్లీ తీసుకెళ్లలేదు.

ఈ తిండి ఎంత పాతదో చెప్తాను. దానికి ముందు జావా దీవికి వెళ్లాలి. అక్కడ ట్రినిల్‌లో 1890ల్లో యూజీన్ డుబోయ్ తవ్వించిన నది ఆల్చిప్పలు నెదర్లాండ్స్ మ్యూజియంలో వందేళ్లకు పైగా ఉన్నాయి. పరిశోధకులు వాటిని మళ్లీ పరీక్షించి 2014లో సంగతి బయటపెట్టారు. చాలా చిప్పలకి ఇంచుమించు ఒకే చోట చిన్న బొక్క. చిప్పని మూసి ఉంచే కండరం అతుక్కునేది అక్కడే! అక్కడ పొడిస్తే పట్టు వదిలేస్తుంది. పొడిచింది హోమో ఎరెక్టస్, కనీసం 4,30,000 ఏళ్ల కిందట.

మరి మన దగ్గర? నల్లమలకి అవతల, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో రాతి చూరు కింద సుమారు 35,000 ఏళ్ల నాటి చిన్న రాతి పనిముట్లు దొరికాయి. ఇవతల, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వితే పాతరాతియుగం నాటి జాడలు కూడా బయటపడ్డాయి. కానీ బడి పుస్తకంలో బొమ్మ గుర్తుందా? బల్లెం పట్టిన మగాడు, ఎదురుగా జింక. రాయి మిగులుతుంది కాబట్టి వేట కనిపిస్తుంది. నత్త ఏరడానికి రాయి అక్కర్లేదు, చెయ్యి చాలు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలాళ్లు ఎవరైనా ఏరొచ్చు. మిగిలేది గుల్ల ఒక్కటే.

ఆ గుల్లనీ మనం కాల్చి సున్నం చేసుకున్నాం. నేలా తక్కువది కాదు. నల్లరేగడి ఎండకి నెర్రెలిచ్చి పైనున్నదాన్ని మింగుతుంది, వానకి ఉబ్బి కలిపేస్తుంది. పత్తి చేలో పాత పొర ఏదో కొత్త పొర ఏదో తేల్చడం కష్టం. నాగార్జునకొండ లోయ చాలావరకు సాగర్ నీళ్ల కిందికి పోయింది. అమ్మమ్మ నత్తలేరిన కాలవ కూడా సాగర్ కాలవే, చూడండి.

సున్నబ్బట్టీకి పోని గుల్లల్ని ఆవిడ దొడ్డి గోడ వారన ఒకే చోట పోసేది. మొన్న అక్కడ బాత్రూమ్ పునాది తవ్వారు. జానెడు మందాన తెల్లటి పొర బయటపడింది. ఇదేంటని మేస్త్రి అడిగాడు.

"మా ఇంటి కూర" అన్నాను.