చందమామ మచ్చ: ఉపగ్రహాల ఉపరితలాలను చదివిన చరిత్ర

1. ఉపోద్ఘాతం

చంద్రునికి శశాంకుడు, మృగాంకుడు అనే పేర్లున్నాయి. అంకమంటే గుర్తు. ఒకే గుర్తును ఒక పేరు కుందేలుగా, మరొకటి లేడిగా చూపింది. వాడుకలో అది మచ్చ. ఈ మాటలు కంటికి కనబడిన రూపాన్ని చెబుతాయే గాని, ఆ నలుపు ఏ పదార్థమో నిర్ణయించవు. ఐరోపాలో మాత్రం దానిని సముద్రమన్నారు. 1651లో రిచ్చోలీ ప్రకటించిన చంద్రపటంలోని సముద్రాల పేర్లు చాలావరకు నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు సమాధానం ఉపరితల చిత్రాల చరిత్రలో దొరుకుతుంది.

2. నీడ చెప్పినది

1609లో గెలీలియో దూరదర్శినితో చూసినప్పుడు చంద్రుని చీకటి భాగంలో విడివిడిగా మెరిసే చుక్కలు కనిపించాయి. అవి ఎండ ముందుగా తాకిన శిఖరాలని గ్రహించి, 1610లో ప్రకటించాడు. ఆదోని కోట ఉన్న రాతికొండలపై కూడా పొద్దుటి వెలుగు మొదట కొనలనే తాకుతుంది. ఏటవాలు ఎండలో గుండ్లు, గుంతలు స్పష్టమవుతాయి. నడినెత్తి ఎండలో అన్నీ చదునుగా తోస్తాయి. పౌర్ణమినాడు చంద్రబిలాలు సరిగా కనబడకపోవడానికి ఇదే కారణం. వెలుగు ఏ దిక్కు నుంచి పడిందో తెలియకపోతే ఛాయాచిత్రంలో గుంత గుట్టలా భ్రమింపజేస్తుంది.

3. రంగు చెప్పినది

అయితే మచ్చ నీడ కాదు. నీడలు లేని పౌర్ణమినాడే అది బాగా కనిపిస్తుంది. పెద్దకడుబూరు పరిసరాల్లో నల్లరేగడి చేను, రాతిగుట్ట వేరుగా కనబడడానికి కారణం పదార్థభేదం. అవి ఏర్పడిన తీరు వేరైనా, చంద్రునిపైనా రంగుల తేడాకు మూలం అదే. నల్లని భాగాలు లావా గడ్డకట్టిన బసాల్ట్. తెల్లని మిట్టలు ప్రధానంగా అనార్థొసైట్. 1959 అక్టోబరులో లూనా 3 తీసిన చిత్రాల్లో చంద్రుని ఆవలివైపు మచ్చలు చాలా తక్కువగా కనిపించాయి. 1969 జూలై 20న అపోలో 11 దిగిన ‘ప్రశాంతి సముద్రం’ ఎండిన బసాల్ట్ మైదానమే.

ఇతర గ్రహాల చంద్రులు ఈ పఠనాన్ని విస్తరింపజేశాయి. 1979లో వాయేజర్ 1 చిత్రాల్లో గురుని ఉపగ్రహం అయోపై ఉల్కాబిలాలు కనబడలేదు. రగులుతున్న అగ్నిపర్వతాలు కనబడ్డాయి. కొత్త లావా పాత గుర్తులను కప్పివేస్తున్నదన్నమాట. బిలాల సంఖ్య ఉపరితల వయస్సుకు కొలమానమైంది.

4. శ్రీహరికోట నుంచి

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లోని కెమెరా 5 మీటర్ల స్పష్టతతో చిత్రాలు తీసింది. 2019లో వెళ్ళిన చంద్రయాన్-2 కక్ష్యానౌక కెమెరా 30 సెంటీమీటర్ల స్థాయికి చేరింది. క్షేమంగా దిగాలంటే ల్యాండర్ తానే గుంతలను గుర్తించాలి. ఆ పరీక్షల కోసం ఇస్రో కర్ణాటకలోని చళ్ళకెరె వద్ద కృత్రిమ బిలాలు తవ్వించింది. 2023 ఆగస్టు 23న విక్రమ్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి సమీపంలో దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్ల దారిలో 23 చోట్ల నేలను పరీక్షించింది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడి మట్టి కూర్పు అనార్థొసైట్‌కు దగ్గరగా ఉంది. తొలిదశలో చంద్రుని ఉపరితలం కరిగిన శిలాద్రవంతో నిండి ఉండేదని, తేలికైన ఖనిజాలు పైకి తేలి తెల్లని పొరగా గడ్డకట్టాయని చెప్పే సిద్ధాంతానికి ఇది బలమిచ్చింది.

5. ముగింపు

చంద్రునిపై సముద్రం ఒకప్పుడు ఉండేది. అది నీటిది కాదు, శిలాద్రవానిది. దాని ఆనవాలు సముద్రాలని పేరు పొందిన నల్లని చోట్ల కన్న తెల్లని మిట్టల్లోనే ఎక్కువగా మిగిలింది. కాబట్టి రూఢమైన సంజ్ఞానామాల్లో ‘సముద్రం’ ఉంచినా, సామాన్యనామంగా దానిని వాడితే 17వ శతాబ్దపు పొరపాటు తెలుగు పాఠ్యపుస్తకంలోకి వస్తుంది. ‘మచ్చ’ అన్న మాటకు ఆ దోషం లేదు. అది చూసినంతే చెప్పి, తెలియనిదాన్ని పరిశోధనకు వదిలింది.